చేతిఫోను - ఊరి టవరు



నేటి నా ప్రసంగవిషయము చేతిఫోనులకును, వానికి మాట నందించు టవరులకును గల పొత్తు. వృద్ధాప్యపు పింఛను సొమ్ము జమయైనదను వార్త, బ్యాంకువారు పంపు రహస్యసంఖ్య, గ్యాసుబండ వచ్చు దినము, దూరదేశముననున్న బిడ్డల పలుకరింపు - ఇవన్నియు నేడు ఆ చిన్నపలక ద్వారముననే మన యిండ్లకు వచ్చుచున్నవి. నడిరేయి యొకరికి గుండెనొప్పి వచ్చినచో 108 వాహనమును పిలుచుటకును అదియే సాధనము. అట్టి పరికరము చేతనుండియు మూగవోయిన యెడల కలుగునది కేవలము కాలక్షేపమునకు వచ్చిన లోపము కాదు.

మా గ్రామమున ననేకులు నాయొద్దకు వచ్చి, క్రొత్తఫోను కొంటిమనియు, ఇంటిలో సిగ్నలు గీత యొక్కటియు రాదనియు, అదే సిమ్ముకార్డును పొరుగువాని పాతఫోనులో నుంచినచో చక్కగా పలుకుచున్నదనియు చెప్పి, ఇదియేమి చిత్రమని యడుగుచుందురు. కొందరు ఫోను చెడినదందురు. కొందరు కంపెనీవారు మోసగించిరందురు. పెక్కుమార్లు ఈ రెండును కారణములు కావు. ఫోను మంచిదే, టవరును మంచిదే, రెంటికిని శ్రుతి కలియలేదు. ఈ శ్రుతి యనగా నేమి, ఫోను కొనకముందే దానిని తెలిసికొను నుపాయమేమి యను రెండు సంగతులను నేడు విన్నవింతును.

మీలో పెక్కురు బాల్యమున రేడియో సూదిని త్రిప్పినవారే. విజయవాడ కేంద్రము 837 కిలోహెర్ట్జులనియు, హైదరాబాదు కేంద్రము 738 కిలోహెర్ట్జులనియు ఆనాడు పిల్లలకు సైతము కంఠస్థమై యుండెడిది. సూది యా యంకెకు చేరిననే గాని వార్తలు వినబడెడివి కావు. కొన్ని రేడియోలలో మీడియం వేవు మాత్రమే యుండెడిది. అట్టిదానిని కొనినవాడు సూదిని ఎంత త్రిప్పినను షార్టువేవుపై వచ్చు సిలోను పాటలను వినజాలకుండెను. సిలోను కేంద్రము మూతపడలేదు, రేడియో చెడలేదు, ఆ పెట్టెలో ఆ తరగతి తరంగముల నందుకొను భాగము లేదు, అంతియే. నేటి ఫోను సంగతియు సరిగా నిట్టిదే.

హెర్ట్జు అనునది జర్మనీదేశపు శాస్త్రజ్ఞుడగు హైన్రిఖ్ హెర్ట్జు పేరు. విద్యుదయస్కాంత తరంగములు కలవని 1880 దశాబ్దపు చివరిభాగమున ప్రయోగపూర్వకముగా ఋజువు చేసినది ఆయనయే. తరంగము సెకనునకు ఎన్నిమారులు కంపించునో ఆ లెక్కకు పౌనఃపున్యమని పేరు. సెకనునకు ఒక్క కంపనమైనచో ఒక హెర్ట్జు; వేయి కంపనములైనచో కిలోహెర్ట్జు; పదిలక్షలైనచో మెగాహెర్ట్జు; నూరుకోట్లైనచో గిగాహెర్ట్జు. చేతిఫోనుల తరంగములు మెగాహెర్ట్జులలోను, గిగాహెర్ట్జులలోను కొలువబడును. 700 మెగాహెర్ట్జులనగా సెకనునకు డెబ్బదికోట్ల కంపనములన్నమాట.

ఈ తరంగములన్నియు సెకనునకు సుమారు 3 లక్షల కిలోమీటర్ల వేగముతో పోవును. వేగమొక్కటే యగుటచే, కంపనముల సంఖ్య పెరిగినకొలది అల పొడవు తగ్గును. 700 మెగాహెర్ట్జుల అల సుమారు 43 సెంటీమీటర్లు, అనగా మూరకు కొంచెము తక్కువ. 1800 మెగాహెర్ట్జుల అల సుమారు 17 సెంటీమీటర్లు, అనగా జానకు తక్కువ. 3500 మెగాహెర్ట్జుల అల 9 సెంటీమీటర్లకు లోపు.

ఈ భేదమువలన కలుగు ఫలమేమి? ఊరిబయట మ్రోగు డప్పు పొరుగూరికి వినబడును. గజ్జెల చప్పుడు గోడ దాటదు. ధ్వని వేరు, విద్యుత్తరంగము వేరు అయినను, ఈ విషయమున రెంటికిని పోలిక కలదు. తక్కువ పౌనఃపున్యము గల తరంగములు దూరము పోవును, తోపులను దాటును, గోడల లోపలికి వచ్చును. ఎక్కువ పౌనఃపున్యము గలవి అంతదూరము పోజాలవు. గోడ యడ్డము వచ్చినచో త్వరగా క్షీణించును. అయినను వానియందు విశాలమైన చోటు లభించుటచే, ఒకేమారు పెక్కుమందికి విశేషసమాచారమును వేగముగా నందీయగలవు. కావున జనసమ్మర్దము గల పట్టణములకు హెచ్చు పౌనఃపున్యములును, దూరదూరముగా ఇండ్లు గల పల్లెలకును, అడవిప్రాంతములకును తక్కువ పౌనఃపున్యములును మిక్కిలి యుపయోగకరములు.

ఒకే పౌనఃపున్యమున ఒకేచోట ఇద్దరు పలికినచో ఒకరి మాట మరొకరి మాటను చెరచును. అందుచే ప్రభుత్వములు ఈ తరంగరాశిని, పొలమును కొలిచి గట్లు వేసినట్లు భాగించి, కంపెనీలకు వేలమువేసి యిచ్చుచున్నవి. అట్టి భాగమునకు శ్రేణి, లేక బ్యాండు అని పేరు. వ్యవహారసౌకర్యమునకై నిపుణులు ప్రతి శ్రేణికిని ఒక సంఖ్య నుంచిరి. ఈ సంఖ్యలే మనము తెలిసికొనవలసినవి.

మనదేశమున 1995 జులై 31వ తేదీని కలకత్తానుండి జ్యోతిబసుగారు ఢిల్లీలోని కేంద్రమంత్రి సుఖరాముగారితో మాటలాడుటతో చేతిఫోనుల వాడుక మొదలయ్యెను. పాతవగు 2జి ఫోనులు 900, 1800 మెగాహెర్ట్జులపై పలుకునవి. జి యనగా తరము. 2జి రెండవ తరము, 4జి నాలుగవ తరము. 4జి వచ్చిన పిదప శ్రేణులు పెరిగినవి. 2100 మెగాహెర్ట్జులకు 1వ సంఖ్య, 1800కు 3, 850కి 5, 900కు 8, 2300కు 40, 2500కు 41. 2016 సెప్టెంబరు 5న సేవ నారంభించిన జియో సంస్థ 2జి, 3జిల జోలికి పోక కేవలము 4జితోనే, 3, 5, 40 శ్రేణులతో, వచ్చెను. పాతఫోనులు గలవారు ఆ సిమ్ము నుంచుకొనియు మాటలాడజాలకపోవుటకు కారణమిదియే.

2022 అక్టోబరు 1న 5జి సేవ ఆరంభింపబడెను. ఆ సంవత్సరము ఆగస్టు 1న ముగిసిన తరంగముల వేలములో ప్రభుత్వమునకు లక్షయేబదివేల కోట్ల రూపాయలకు పైగా పలికినది. 5జి సేవకు 700 మెగాహెర్ట్జులు, 3300 మొదలుకొని గల శ్రేణి, 26 గిగాహెర్ట్జులు అను చోట్లు ముఖ్యములు. వీనిని ఎన్28, ఎన్78, ఎన్258 అని వ్యవహరింతురు. ఈ చివరిదాని అల సెంటీమీటరునకు కొంచెము మాత్రమే యెక్కువ. ఇట్టి సూక్ష్మతరంగములపై మన జగదీశచంద్రబోసుగారు 1895 నాటికే కలకత్తాలో ప్రయోగములు ప్రదర్శించియుండిరని స్మరించుట మనకు తగును.

ఇక పల్లెలకు ముఖ్యమైన సంగతి. అంతవరకు 4జి యెరుగని 24,680 గ్రామములకు ఆ సేవను చేర్చుటకై కేంద్రమంత్రివర్గము 2022 జులైలో 26,316 కోట్ల రూపాయల పథకము నంగీకరించెను. ఆ పని బి.ఎస్.ఎన్.ఎల్. సంస్థకు అప్పగింపబడినది. 2023 జూనులో ఆ సంస్థకు 700 మెగాహెర్ట్జుల శ్రేణిలో భాగము నిచ్చుటకు నిర్ణయము జరిగినది. దేశీయ సాంకేతికముతో నిర్మింపబడిన దాని 4జి సేవ 2025 సెప్టెంబరు 27న ఒడిశాలోని ఝార్సుగూడలో జాతి కంకితము గావింపబడెను. ఈ సేవకు 700 మెగాహెర్ట్జులు, అనగా 28వ శ్రేణియు, 2100 మెగాహెర్ట్జులు, అనగా 1వ శ్రేణియు ముఖ్యములు. మన్యమువంటి తావులకు దూరము పోగల 700 తరంగము యోగ్యమైనదే. కాని యొక చిక్కు కలదు. తొలినాటి 4జి ఫోనులు పెక్కు 3, 5, 40 శ్రేణులను దృష్టియందుంచుకొని తయారైనవి. వానిలో 28వ శ్రేణి లేనివి కలవు. ఊరికి క్రొత్తటవరు వచ్చినను, అది 28వ శ్రేణిపై మాత్రమే పలికినచో, ఆ ఫోనులకు టవరు లేనట్లే.

లేని శ్రేణిని తరువాత చేర్చుకొనరాదా యని యడుగుదురు. చేర్చుకొనరాదు. ఫోను లోపల ప్రతి శ్రేణికిని తగిన వడపోతభాగము కావలెను. శక్తిని పెంచు భాగమును, ఆంటెనాయును దానికి సరిపడవలెను. వడపోతభాగము జల్లెడ వంటిది. తనకు తగిన తరంగమును లోనికి విడిచి, తక్కినవానిని ఆపును. తయారుచేయువాడు ఏ దేశమున అమ్మదలచెనో ఆ దేశపు శ్రేణులకు కావలసిన జల్లెడలనే యమర్చి ఖర్చు తగ్గించుకొనును. అందుచే ఒకే పేరును, ఒకే రూపమును గల ఫోనే ఒక దేశమున ఒకవిధముగను, వేరొక దేశమున వేరొకవిధముగను ఉండుట కలదు. మోడలు సంఖ్యలో కనబడు చిన్న యక్షరభేదమే దానికి గురుతు. అప్‌డేటు లెన్ని చేసినను లేని జల్లెడ లోపల మొలవదు.

మా వీథిలోని యొక వృద్ధురాలికి అమెరికాలోనున్న కుమారుడు ఒక ఫోను పంపెను. కుమారుని ప్రేమలో లోపము లేదు. ఫోను వెలయు తక్కువది కాదు. ఆమె యింట నది మూగ. మండలకేంద్రమునకు పోయినచో మాట వినబడెడిది గాని, మనుమని ముఖము తెరపై కదలకుండెడిది. ఆమె దానిని నాకు చూపగా, మోడలు సంఖ్యను బట్టి శ్రేణులను వెదకించితిని. మా యూరికి చేరిన టవరు 28వ శ్రేణిది. దానికి 2జి లేదు. ఫోనులో నున్నవి అమెరికావారి 12, 13 శ్రేణులు. మండలకేంద్రమున పాత 2జి తరంగముండుటచే మాటమాత్రము నడిచెను.

ఇందొక విచిత్రము కలదు. 12, 13, 28 - ఈ మూడును 700 మెగాహెర్ట్జుల ప్రాంతమునకు చెందినవే. "అమెరికాలోను 700, మనకును 700, ఇక భేదమేమి?" యని ఆమె రెండవ కుమారుడు నన్నడిగెను. ప్రశ్న సమంజసమైనదే. ఫోను వినుటకు ఒక చోటు, పలుకుటకు వేరొక చోటు నిర్ణయింపబడియుండును. మన 28వ శ్రేణిలో ఫోను 703 నుండి 748 వరకు గల చోట పలికి, 758 నుండి 803 వరకు గల చోట వినవలెను. అమెరికావారి 13వ శ్రేణిలో ఫోను పలుకు చోటు 777 నుండి 787 వరకు. విను చోటు 746 నుండి 756 వరకు. అనగా మన ఫోను చెవి యొగ్గు తావున వారి ఫోను నోరు విప్పును. అమెరికాలో వెరైజను సంస్థకు 13వ శ్రేణియు, ఎ.టి. అండ్ టి. సంస్థకు 12, 17 శ్రేణులును, టి-మొబైలు సంస్థకు 600 మెగాహెర్ట్జుల 71వ శ్రేణియు దూరప్రాంతములకు ముఖ్యములు. ఈ 71వ శ్రేణిలో మనదేశపు టవరులు పలుకుటలేదు. కావున మెగాహెర్ట్జుల యంకె యొక్కటి చాలదు, శ్రేణిసంఖ్య కలియవలెను.

ఇక తాళము సంగతి. అమెరికాలో కంపెనీవారు వాయిదాలపై నిచ్చు ఫోనులు తరచుగా ఆ కంపెనీ సిమ్మునకే బద్ధములై యుండును. ఆ తాళము తీయించిన గాని మన సిమ్ము పనిచేయదు. అయితే తాళము తీయించుట వేరు, శ్రేణి కలియుట వేరు. తలుపు తెరచినంత మాత్రమున గాదెలో ధాన్యముండునని నమ్మకము లేదు గదా! మరియు 2022లో వచ్చిన ఐఫోను 14 మొదలుకొని అమెరికాకై తయారగు ఐఫోనులలో సిమ్ముకార్డు నుంచు అరయే లేదు. కార్డు లేకయే పనిచేయు ఈ-సిమ్మును మన కంపెనీవద్ద పొందవలసియుండును. ఖరీదైన ఫోనులలో ఉభయదేశముల శ్రేణులును విరివిగా నుండుట కలదు. వెల తక్కువ చేసి యచ్చటి కంపెనీలు అమ్మువానితోనే ఎక్కువ జాగరూకత వలయును.

బిడ్డలను చూచుటకు అమెరికాకు పోవు తల్లిదండ్రులకును ఇదే న్యాయము వర్తించును. మనదేశమునకై చేసిన ఫోనులలో పెక్కింటికి 12, 13, 71 శ్రేణులు లేవు. అట్టి ఫోను ఆ దేశపు నగరమున పలికినను, ఊరు దాటిన పిదప నిలిచిపోవచ్చును. అచ్చటి మూడు పెద్ద కంపెనీలును 2022లో తమ 3జి సేవలను మూసివేసినవి. కాన 4జి మీదుగనే మాట పోవలెను. భాష తెలియని చోట దారి తప్పిన వృద్ధునకు ఫోనే దిక్కు. ప్రయాణమునకు ముందే మోడలు సంఖ్యను బిడ్డలకు పంపి, వారు వాడు కంపెనీతో సరిపోవునేమో విచారింపుమని చెప్పుట మంచిది.

మరియొక సూక్ష్మము. శ్రేణి కలిసినను మాట పలుకుటకు వోల్టీ యను ఏర్పాటు ఫోనులో నుండవలెను. 4జి తరంగముపై మాటను పంపు పద్ధతికి అది పేరు. ఎయిర్‌టెల్, వోడాఫోన్ ఐడియా సంస్థలకు 2జి యింకను గలదు గాన, వోల్టీ లేని ఫోనైనను ఆ పాతదారిన మాటను తెచ్చుకొనును. జియోకు ఆ దారి లేదు. ఇట్లే, పెట్టెపై 5జి యని వ్రాసియున్నంత మాత్రమున మనదేశపు 5జి యందునని తలపరాదు. ఎన్78, ఎన్28 అను పేర్లు అందున్నవేమో చూడవలెను. 4జిలో 28వ శ్రేణి నెరిగిన ఫోను 5జిలో ఎన్28ని ఎరుగకపోవుటయు కలదు. చేను ఒక్కటే, సేద్యములు రెండు.

ఇక చేయవలసిన దేమి? ఫోను కొనువాడు మూడు ప్రశ్నలడుగవలెను. మొదటిది: నా యింటికిని, నా పొలమునకును మాట నందించు టవరు ఏ కంపెనీది, అది యే శ్రేణిపై పలుకుచున్నది? దీనిని ఆ కంపెనీ కార్యాలయమున నడుగవచ్చును. లేక చదువుకొనిన పిల్లలచేత, ఊరిలో చక్కగా పలుకుచున్న ఫోనులో సెల్లు సమాచారము చూపు యాపును తెరపించినచో శ్రేణిసంఖ్య కనబడును. రెండవది: ఈ మోడలు ఫోనునకు ఏయే శ్రేణులు కలవు? మోడలు సంఖ్య పెట్టెపైనను, ఫోను సెట్టింగులలో "ఫోనును గురించి" యను చోటను ఉండును. ఆ సంఖ్యనుబట్టి తయారీదారు ప్రకటించిన శ్రేణుల పట్టికను అంగడివానిచేతనే చూపించుకొనవలెను. మూడవది: వోల్టీ కలదా, తాళము లేదుగదా?

మన కంపెనీలతో పనిపడు పల్లెవాసికి సాధారణముగా 1, 3, 5, 8, 28, 40, 41 అను ఏడు సంఖ్యలును గల 4జి ఫోను సుఖకరము. వీనిని ఒక కాగితముపై వ్రాసి అంగడికి తీసికొనిపొండు. పరీక్షించు నవకాశము దొరికినచో అంతకంటె మేలు. ఇంటి నడిమిగదిలో నొకమారు, పెరటిలో నొకమారు, చేనిగట్టున నొకమారు ఎవరికైన ఫోను చేసి చూడవలెను. పట్టణపు అంగడిలో నిండుగా గీతలు కనబడుట మన పల్లెకు ప్రమాణము కాదు. అచ్చట అనేక శ్రేణులు పలుకును, ఇచ్చట నొక్కటియే పలుకవచ్చును.

గ్రామపెద్దలకు వేరొక విన్నపము. ఊరికి టవరు వచ్చుచున్నదని తెలిసినపుడు, దాని యెత్తెంత, స్థలపు అద్దె యెంత యని యడుగుటతో నిలువక, ఏ శ్రేణిపై పలుకును, 2జియు నుండునా యని గ్రామసభలో నడుగుడు. వచ్చిన సమాధానమును పంచాయతీ గోడపై వ్రాయింపుడు. ఏ కుటుంబమైనను ఫోను కొనుటకు పోవునపుడు ఆ గోడ చూచి పోవును. నాలుగు సంఖ్యలు గోడపై వ్రాయుటకు సున్నమును కుంచెయు తప్ప ఖర్చు లేదు. అవి లేకుండుటవలన వేలరూపాయలు పోసి కొనిన ఫోనులు పెట్టెలలో మూలుగుచున్నవి.

మా వీథి వృద్ధురాలి ఫోనును అమ్మివేయించి, అందుకు తక్కువ వెలకు 28వ శ్రేణి గల వేరొకదానిని కొనిపించితిమి. అది చూచుటకు అంత సొగసైనది కాదు. ఆమె దానిని మంచముప్రక్క గూటిలో నుంచుకొని, రాత్రివేళ అవసరమైనచో చేయి చాచి యందుకొనుచున్నది. ఫోను విలువను వెలతోడను, మెరుపుతోడను కొలువక, మన గోడల నడుమ అది పలుకునా లేదా యను దానితో కొలువుడని మనవిచేయుచు, ఇంతటితో నా ప్రసంగమును ముగించుచున్నాను.